స్నాగ్, స్మూచ్, పెక్, మేకౌట్... ఏ ముద్దుకు ఏ మాట?

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో చదువుకుంటున్న మా పిన్ని కూతురు ఒకరోజు అర్ధరాత్రి దాటాక ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు. సాయంత్రాలు తను పనిచేసే కెఫేలో తోటివాళ్ళకి మా అన్నయ్య కొడుకు ఫొటో చూపించిందట. ఏడాది నిండని పిల్లాడు, బుగ్గలు బూరెల్లా ఉంటాయి. "సంక్రాంతికి ఇంటికెళ్ళగానే వీణ్ణి స్నాగ్ చేసి చేసి వదులుతా" అని ఇంగ్లిష్‌లో అందట మురిసిపోతూ. అంతే, చుట్టూ ఉన్నవాళ్ళ మాట ఆగిపోయింది. పాలు నురగ పట్టిస్తున్న కుర్రాడు మెషిన్ ఆపి మరీ తిరిగి చూశాడు. కాసేపటికి అక్కడ పనిచేసే పెద్దావిడ ఒకామె పక్కకి పిలిచి, ఆ మాట పిల్లలకి వాడరమ్మా అని చెప్పింది.

దీన్ని ఆ పిల్ల తప్పు అనలేను. ఫ్లాట్‌లో ఉండే అమ్మాయిల మాటల్లో ఆ పదం రోజూ విన్నది, అర్థం అడిగితే "కిస్ అన్నమాటే" అన్నారు. కిస్ అంటే ముద్దు. ముద్దు అంటే మనకి పసిపిల్లాడి బుగ్గ మీద పెట్టేదీ, కొత్త పెళ్ళికొడుకు పెట్టేదీ ఒకటే మాట. పిల్లాడు ముద్దుగా ఉన్నాడంటాం, ముద్దొస్తున్నాడంటాం, ముద్దుపేరు పెడతాం, ముద్దొచ్చినప్పుడే చంకెక్కాలంటాం. కన్నడంలోనూ ముద్దు అన్న మాటకి ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. అంత విశాలమైన మాట నాలుక మీద పెట్టుకుని ఇంగ్లిష్ వాడుకభాషలోకి వెళ్తే కాలు జారడం తేలిక, ఎందుకంటే అక్కడ ఒక్కో రకం ముద్దుకి ఒక్కో మాట ఉంది. ఒకదాని చోట ఇంకొకటి పనికిరాదు.

నేను ఇంగ్లిష్ సీరియళ్ళకి తెలుగు సబ్‌టైటిళ్ళు రాస్తుంటాను కాబట్టి ఈ మాటలతో నాకు రోజూ పనే. విదేశాల్లో చదువుకునేవాళ్ళకీ, అనువాదాలు చేసేవాళ్ళకీ, ఇంగ్లిష్‌లో కథలు రాసేవాళ్ళకీ ఎంచుకోవడంలో అక్కరకొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ఈ నాలుగూ చూసుకోండి

మొదటిది, ఎవరు ఎవరికి పెడుతున్నారు? అమ్మ బిడ్డకా, ప్రేమికులు ఒకరికొకరా, అత్తయ్య మేనకోడలికా? సగం మాటలు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే పక్కకి పోతాయి. మా చెల్లెలు ఈ ఒక్కటి అడిగి ఉంటే ఆ రాత్రి ఏడవాల్సిన పని ఉండేది కాదు.

రెండోది, ఎంతసేపు? బుగ్గ మీద తాకీ తాకనట్టు తాకి వదిలేసేదా, పదినిమిషాలైనా తెమలనిదా?

మూడోది, ఏ దేశం? ఒక దేశంలో అందరి నోటా ఉన్న మాట ఇంకో దేశంలో అర్థమే కాదు, లేదా వేరే అర్థం వస్తుంది.

నాలుగోది, ఎవరు వింటున్నారు? స్నేహితులా, ప్రొఫెసరా, ఆఫీసులో పైవాళ్ళా?

| మాట | ఎక్కడ ఎక్కువ | ఎలాంటి ముద్దు | పిల్లల విషయంలో | పెద్దల ముందు |
|---|---|---|---|---|
| కిస్ | అన్నిచోట్లా | ఏదైనా | వాడొచ్చు | ఇబ్బంది లేదు |
| పెక్ | అన్నిచోట్లా | తేలిక, క్షణంలో అయిపోయేది | వాడొచ్చు | ఇబ్బంది లేదు |
| స్మూచ్ | అమెరికా, మన దేశం | అమెరికాలో ఆప్యాయం, మన దగ్గర గాఢం | అమెరికాలో వాడొచ్చు, మన దగ్గర వద్దు | మనిషిని బట్టి |
| స్నాగ్ | బ్రిటన్ | పెదవులపై, చాలాసేపు | అస్సలు వద్దు | వద్దు |
| మేకౌట్ | అమెరికా | చాలాసేపు, కౌగిలింతలతో కలిపి | అస్సలు వద్దు | వద్దు |
| ప్యాష్ | ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ | స్నాగ్ లాంటిదే | అస్సలు వద్దు | వద్దు |
| ఫ్రెంచ్ కిస్ | అన్నిచోట్లా | నాలుకలు కలిసేది | అస్సలు వద్దు | వద్దు |

స్నాగ్

గొడవంతా దీనితోనే వచ్చింది కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను.

ఇది అచ్చంగా బ్రిటన్ మాట. అచ్చులో దొరికిన తొలి ఆనవాలు 1945 నాటిది. అప్పట్లో దీని అర్థం కాస్త వదులుగా ఉండేది: సరసాలాడుకోవడం, హత్తుకుని కూర్చోవడం లాంటివన్నీ ఇందులోకి వచ్చేవి. తర్వాత్తర్వాత బిగుసుకుని, ఇద్దరు ప్రేమికులు పెదవులు కలిపి చాలాసేపు పెట్టుకునే ముద్దుకి స్థిరపడింది. క్రియగానూ వాడతారు, నామవాచకంగానూ వాడతారు. మనిషి పేరు నేరుగా పక్కన చేరుతుంది, మధ్యలో విత్ అక్కర్లేదు. చివర ఇంగ్ గానీ ఈడీ గానీ చేరితే జి అక్షరం రెండుసార్లు పడుతుంది.

పుట్టుక సంగతి ఎవరికీ తేలలేదు. వెచ్చగా ముడుచుకుని ఉండటం అనే అర్థమున్న స్నగ్‌కి ఇది చుట్టం కావచ్చని కొందరంటారు. వినడానికి బాగుంటుంది, కానీ రెంటికీ మధ్య వంతెన లాంటి రాతపూర్వక ఆధారం లేదు. ఇది బ్రిటిష్ ఇండియాలో పుట్టిందని కూడా ఒక మాట ప్రచారంలో ఉంది. అది చదవగానే మనవాళ్ళకి ఉత్సాహం వస్తుంది, స్నేహం నుంచి స్నాగ్ వచ్చి ఉంటుందని ముడిపెట్టేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. మన మాట ఇంగ్లిష్‌లోకి వెళ్ళిందని చెప్పాలంటే పందికొక్కు నుంచి బ్యాండికూట్ వచ్చినట్టు ఉండాలి. ధ్వని కలవాలి, అర్థం కలవాలి, దారి కనబడాలి. స్నాగ్‌కి ఆ దారి కనబడదు. పుట్టుక తెలియదని ఒప్పుకోవడమే ఈ మాటకి మనం ఇవ్వగల గౌరవం.

ఉచ్చారణ విషయంలో ఒక జాగ్రత్త. డాగ్‌తో ప్రాస కలిసేది స్నాగ్. బ్యాగ్‌తో ప్రాస కలిసేది స్న్యాగ్, అది వేరే మాట. దాని మామూలు అర్థం చిక్కు, అడ్డంకి. ఆస్ట్రేలియాలో అయితే స్న్యాగ్ అంటే సాసేజ్. మనం అచ్చుల్ని అటూ ఇటూ చేసి పలికితే భోజనాల బల్ల దగ్గర అనవసరమైన గందరగోళం.

ఈ మాటలో ఎగతాళి లేదు, మర్యాదా లేదు. బూతు మాత్రం కాదు. బ్రిటన్‌లో తల్లిదండ్రులు తమ కుర్రతనపు కబుర్లు చెప్పుకుంటూ వాడటం వినబడుతుంది. అయితే తన గురించి తాను చెప్పుకోవడం వేరు, ఎదుటివాళ్ళ గురించి మనం అనడం వేరు. రెండోది నోరుజారడమే అవుతుంది. అందుకే స్నాగ్‌ని అర్థం చేసుకోండి, చనువున్న స్నేహితుల మధ్య అవసరమైతే వాడండి, మిగతా చోట్ల కిస్ చాలు.

స్మూచ్

దీని కథ స్నాగ్‌కి పూర్తిగా ఎదురు. వంశవృక్షం స్పష్టంగా ఉంది. 16వ శతాబ్దంలోనే స్మౌచ్ అనే మాండలిక పదం ముద్దు అన్న అర్థంలో ఉంది, అది మారి 1930ల్లో స్మూచ్ అయింది. ముద్దు పెట్టినప్పుడు వచ్చే చప్పుడులోంచే పుట్టిన మాట. మన ఇళ్ళలో చంటిపిల్లల్ని "ఒక్క ఉమ్మా ఇవ్వవూ" అని అడుగుతాం చూడండి, ఆ ఉమ్మా ఎలా పుట్టిందో స్మూచ్ కూడా అలాగే పుట్టింది.

చిక్కు ఎక్కడంటే, అమెరికాలో దీనికి పెద్ద వేడి లేదు. అమ్మమ్మ మనవణ్ణి స్మూచ్ అడుగుతుంది, పెంపుడు కుక్కకి స్మూచ్ పెడతారు. మన దేశపు ఇంగ్లిష్‌లోనేమో, సినిమా వార్తల పుణ్యమా అని, స్మూచ్ అంటే హీరో హీరోయిన్ల పెదవి ముద్దే. డాలస్‌లో ఉన్న అక్క "బాబుకి నా తరఫున స్మూచ్ ఇవ్వు" అని మెసేజ్ పెడితే గుంటూరులో ఉన్న చెల్లెలు ఉలిక్కిపడటానికి కారణం ఇదే. ఇద్దరూ వాళ్ళ వాళ్ళ లెక్కలో సరైనవాళ్ళే. బ్రిటన్‌లో ఇంకో అర్థం కూడా ఉంది: మెల్లని పాటకి ఇద్దరు దగ్గరగా హత్తుకుని డాన్స్ చేయడం.

అమెరికాలో స్థిరపడినవాళ్ళు అక్కడివాళ్ళతో నిశ్చింతగా వాడుకోవచ్చు. ఇంటికి పంపే మెసేజ్‌లో మాత్రం ముద్దు అని తెలుగులో రాసేయండి, ఏ అనుమానమూ ఉండదు.

మేకౌట్

అమెరికాలో స్నాగ్ చేసే పని మేకౌట్ చేస్తుంది, ఇంకాస్త విశాలంగా. ముద్దులొక్కటే కాదు, కౌగిలింతలూ అందులో కలిసి ఉంటాయి. ఎంతవరకు అన్నది చెప్పేవాళ్ళని బట్టి ఉంటుంది కాబట్టి, ఎవరైనా తమ గురించి చెబుతుంటే మనం అంతకుమించి ఊహించుకోకపోవడం మర్యాద.

మనవాళ్ళకి అసలు ఇబ్బంది ఇంకోటి. "ఆయన మాట ఏమీ మేకౌట్ చేయలేకపోయాను" అని మనం మామూలుగా అంటాం, అర్థం కాలేదు అనే ఉద్దేశంతో. అది సరైన ఇంగ్లిషే. తేడా అంతా విత్ దగ్గర ఉంది. మేకౌట్ తర్వాత విత్, ఆ తర్వాత మనిషి వస్తే అది ముద్దు. విత్ లేకుండా మాట, అక్షరం, ఆకారం లాంటివి వస్తే అది పోల్చుకోవడం, అర్థం చేసుకోవడం. ఈ ఒక్క విభక్తి గుర్తుంటే చాలు, ఇంటర్వ్యూలో కూడా భయపడక్కర్లేదు.

స్నాగ్, మేకౌట్‌ల మధ్య ఎంపిక అంటే దాదాపు దేశాల మధ్య ఎంపికే. మాంచెస్టర్‌లో జరిగే కథలో పదహారేళ్ళ పాత్ర చేత మేకౌట్ అనిపిస్తే అమెరికన్ సీరియళ్ళు చూసి మాట్లాడుతున్నట్టుంటుంది. షికాగో కుర్రాడు స్నాగ్ అంటే ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాడో మీ కథ చెప్పాల్సి వస్తుంది.

పెక్

కోడి గింజల్ని పొడవడం చూశారుగా, ముక్కు అలా తాకి ఇలా వెనక్కి వచ్చేస్తుంది. అదే పెక్. ఆ చిత్రాన్నే 19వ శతాబ్దం చివర్లో ముద్దుకి తెచ్చి పెట్టుకున్నారు. బుగ్గ మీద ఎక్కువ, పెదవుల మీదైనా క్షణమే. భార్యాభర్తలు ఆఫీసుకి వెళ్ళేముందు పెట్టుకునేదీ, పిన్ని చెంప మీద పెట్టేదీ ఇదే. నన్ను అడిగితే, కిస్ తర్వాత తెలుగువాళ్ళు ధైర్యంగా వాడుకోదగ్గ మాట ఇదొక్కటే. ఎవరి ముందైనా అనొచ్చు, ఏ దేశంలోనైనా అర్థమవుతుంది. ప్రేమికుల మధ్య మాత్రం ఇందులో చిన్న చప్పదనం ఉంటుంది. ఒట్టి పెక్‌తో సరిపెట్టాడు అందంటే ఆ అమ్మాయి ఇంకొంచెం ఆశించిందని.

ప్యాష్, ఫ్రెంచ్ కిస్

ప్యాష్ అనేది ప్యాషన్ తోక తెగి మిగిలిన ముక్క. మొదట్లో దీనికి ఎవరి మీదైనా పిచ్చి ఇష్టం అనే అర్థం ఉండేది, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో అది గాఢమైన ముద్దుగా మారింది. గడ్డం గరుకుకి అమ్మాయి మూతి చుట్టూ ఎర్రగా కందితే దానికి అక్కడ ప్యాష్ ర్యాష్ అని పేరు. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో ఉన్నవాళ్ళు వినగానే గుర్తుపడితే చాలు.

ఫ్రెంచ్ కిస్ ఇంగ్లిష్‌లోకి 1920ల్లో వచ్చింది. సరసానికి సంబంధించిన దేనికైనా ఫ్రెంచ్ అని తగిలించే ఇంగ్లిష్‌వాళ్ళ అలవాటులో భాగం ఇది. ఫ్రెంచ్‌వాళ్ళు దీన్ని ఆ పేరుతో పిలవరు. వాళ్ళకి జాతీయాలు ఉన్నాయి, పార తిప్పడం అనే అర్థం వచ్చేది ఒకటి చాలాకాలంగా వాడుకలో ఉంది. ఒక్క పదంలో చెప్పే గలోషే అనే క్రియ మాత్రం 2013లో వెలువడిన పెటీ రోబేర్ నిఘంటువులో చోటు దక్కించుకుంది. ఇంగ్లిష్‌లో ఈ మాట ముద్దు పెట్టిన తీరుని చెబుతుంది తప్ప అందులోని మమకారాన్ని చెప్పదు. అందుకే ప్రేమకథలో దీన్ని రాస్తే వాక్యం డాక్టర్ చీటీలా అయిపోతుంది. ఆరోగ్య సమాచారం రాసేటప్పుడు మాత్రం ఇదే సరైన మాట, అక్కడ ఆ తేడా అవసరం కాబట్టి.

చెవిన పడితే గుర్తుపట్టాల్సినవి

ముద్దులూ కౌగిలింతలూ కలిపి చెప్పే నెకింగ్ ఉత్తర ఇంగ్లండ్ మాండలికంలో 19వ శతాబ్దం నుంచే ఉంది, 1920ల్లో అమెరికా కుర్రకారు దాన్ని బాగా వాడారు. ఇప్పుడది తాతల కాలపు మాట. హత్తుకుని సరసాలాడటం అనే అర్థమున్న కనూడిల్ 1850ల నాటిది, పుట్టుక తేలనిది, ప్రముఖుల ప్రేమ కబుర్లు రాసేవాళ్ళకి ఇష్టమైనది. మన పత్రికలు చెట్టాపట్టాలేసుకుని తిరుగుతున్నారు అని రాసే చోట వాళ్ళు కనూడిల్ రాస్తారు. ఐర్లండ్‌లో మాత్రం ఒక్కటి తప్పక తెలుసుకోవాలి: అక్కడ షిఫ్ట్ అంటే స్నాగ్. "మా ఫ్రెండ్‌ని షిఫ్ట్ చేస్తావా?" అని పార్టీలో ఎవరైనా అడిగితే అది సామాను సర్దడం గురించో కారులో దింపడం గురించో కాదు.

ఎవరికి ఏది

బ్రిటన్‌కి చదువుకి వెళ్ళేవాళ్ళు: స్నాగ్ వినండి, మీ నోట మాత్రం కిస్, పెక్ ఉంచుకోండి. పిల్లల సంరక్షణ కేంద్రాల్లో, బడుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు దీన్ని మరీ గట్టిగా పాటించాలి. పసిపిల్లల గురించి ఈ మాట అక్కడ పొరపాటున దొర్లినా, దాన్ని తేలిగ్గా తీసుకోరు. తీసుకోకపోవడమే మంచిది కూడా.

అమెరికాలో పిల్లల్ని పెంచుతున్నవాళ్ళు: స్మూచ్ మీ ఇంట్లో చక్కగా ఒదుగుతుంది. హైస్కూల్ పిల్లల నోట మేకౌట్ వినబడితే కంగారుపడి కేకలేయకండి, ఆ మాట బూతు కాదు. ముందు దేని గురించి మాట్లాడుతున్నారో వినండి.

ఇంగ్లిష్‌లో కథలు రాసేవాళ్ళు: పాత్ర ఊరూ వయసూ చూసుకున్నాకే మాట. కథకుడి గొంతులో కిస్‌ని మించింది లేదు.

ఇక తెలుగులోకి తెచ్చేవాళ్ళు. నా పని ఇదే కాబట్టి ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతాను. స్నాగ్ ఎదురైనప్పుడల్లా మన ముందు నాలుగు దారులుంటాయి. ముద్దు అంటే చాలా మెత్తబడిపోతుంది, ఇంగ్లిష్‌లో ఉన్న కొంటెతనం పోతుంది. చుంబనం అంటే పద్యనాటకంలోకి వెళ్ళిపోతాం. బడి పిల్లల నోట ఆ మాట అస్సలు అతకదు. లిప్‌లాక్ అందరికీ తెలుసు, కానీ అది సినిమా వార్తల భాష, కెమెరా చూస్తున్నట్టుంటుంది. నాలుగోది మన ఇళ్ళలోదే: మూతిముద్దు.

ఆ మాట కాసేపు నోట్లో నానబెట్టి చూడండి. బూతు కాదు, పెద్దల ముందు అనలేం, ప్రేమికులకే వర్తిస్తుంది, వినగానే పెదాల చివర చిన్న నవ్వు వస్తుంది. స్నాగ్‌కి ఉన్న గుణాలన్నీ దీనికి ఉన్నాయి. బ్రిటిష్ బడి కథల్లో సైకిల్ షెడ్ వెనక చోటు ఇలాంటి వాటికి పెట్టింది పేరు. అలాంటి సన్నివేశంలో ఒక అమ్మాయి తన స్నేహితురాల్ని నిలదీసే మాట ఒకటి నాకు వచ్చింది. మొదట "నువ్వు అతన్ని ముద్దు పెట్టుకోవడం నేను చూశాను" అని రాశాను. తప్పేమీ లేదు, ప్రాణమూ లేదు. దాన్ని కొట్టేసి "సైకిల్ షెడ్ వెనక వాడితో మూతిముద్దులు... చూశాన్లే!" అని మార్చాను. తెర మీద రెండు వరుసల్లో ఇమిడింది, అమ్మాయి గొంతూ దక్కింది.

పెక్‌కి చిన్న ముద్దు చాలు. స్మూచ్ పిల్లల సందర్భంలో వస్తే ఉమ్మా రాసేయండి, సందేహించకండి. మేకౌట్‌కి మాత్రం ఒకే మాట లేదు. "ముద్దుల్లో మునిగిపోయారు" ఒకచోట కుదురుతుంది, "ఇద్దరూ ఒకరికొకరు అతుక్కుపోయారు" ఇంకోచోట.

మా చెల్లెలి సంగతి చెప్పి ఆపుతాను. ఆ మర్నాడు పొద్దున్నే కెఫేలోని పెద్దావిడ నుంచి మెసేజ్ వచ్చిందట: నిన్నటిది మనసులో పెట్టుకోకు, పిల్లాడు ఎంతో ముద్దుగా ఉన్నాడు అని. చివర ఒక ఎక్స్ గుర్తు. ఇదేంటి అక్కా, తప్పు చేశానని కొట్టేసిందా, అని నాకు పంపించింది. కాదమ్మా, అది ముద్దు అని చెప్పాను. ఉత్తరాల చివర ముద్దులకి బదులు ఎక్స్‌లు పెట్టడం వాళ్ళ పాత అలవాటు, 1894లో విన్‌స్టన్ చర్చిల్ కూడా ఒక ఉత్తరాన్ని మూడు ఎక్స్‌లతో ముగించాడు. పెక్ కన్నా తేలికైన ముద్దు అది, చనువున్నవాళ్ళు ఎవరికైనా పెట్టొచ్చు, ప్రొఫెసర్‌కి మాత్రం వద్దు అన్నాను. మా చెల్లెలు థాంక్స్ రాసి, పక్కన ఒక ఎక్స్ పెట్టి ఆవిడకి తిరిగి పంపింది.